రోస్టరు చదవడం నేర్చుకున్నవాళ్లు: గిరిజన ఉద్యోగుల సంఘాల చరిత్ర



మన సంచికల్లో పోరాటాల చరిత్రకు లోటు లేదు. రంప పితూరీల గురించి, గాం గంటం దొర, మల్లు దొరల గురించి, జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీం గురించి, ఇంద్రవెల్లి గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. కానీ మనవాళ్లు చేసిన ఇంకో పోరాటం ఉంది. అది కొండల్లో కాదు, ఆఫీసు గదుల్లో జరిగింది. విల్లంబులతో కాదు, దరఖాస్తులతో, జీవో కాపీలతో, సీనియారిటీ జాబితాలతో జరిగింది. అందుకే దాని మీద పాట కట్టినవాళ్లు తక్కువ, విగ్రహం పెట్టినవాళ్లు అసలే లేరు. గిరిజన ఉద్యోగులు ఒకరికొకరు తోడుగా సంఘాలు కట్టుకున్న ఆ చరిత్ర గురించి నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హక్కు రాజ్యాంగంలో ఉంటుంది, జీవోలో ఉంటుంది. అది మన ఇంటిదాకా రావాలంటే ఆ జీవో చదివి, రిజిస్టరులో లెక్క సరిచూసి, ఒంటరిగా ఉన్న ఉద్యోగి పక్కన నిలబడే నలుగురు కావాలి. మన చరిత్రలో ఆ నలుగురు ఉన్నచోట హక్కు నిలబడింది. లేనిచోట కాగితం మీదే ఉండిపోయింది.

మార్లవాయి నుంచి మొదలు

తెలుగు నేల మీద ఆదివాసీ ఉద్యోగి అనే మాట వింటే నాకు మొదట గుర్తొచ్చేది మార్లవాయి. కొమరం భీం 1940లో అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వానికి గోండుల కష్టాలు తెలుసుకోక తప్పలేదు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఊళ్లోని కుర్రాళ్లకే చదువు చెప్పి, వాళ్లనే తిరిగి ఊళ్లకు పంతుళ్లుగా పంపాలన్నది ఆలోచన.

ఉపాధ్యాయ శిక్షణ పొందినదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అంతవరకు ఆదివాసీ గూడెంలోకి సర్కారు వచ్చిందంటే అటవీ చౌకీదారుగానో, పన్ను వసూలుకో, మామూలు అడగడానికో వచ్చేది. మార్లవాయిలో తొలిసారి సర్కారు జీతం తీసుకునే మనిషి గోండి మాట్లాడాడు. పిల్లలు భయపడని ఉద్యోగి వచ్చాడు. ఆ కేంద్రంలో కలిసి చదివి, వేర్వేరు గూడేలకు వెళ్లిన ఆ యువకులకు అప్పట్లో సంఘం అనే పేరు లేకపోవచ్చు. కానీ ఒకే చోట తిని, ఒకే భాషలో నేర్చుకుని, ఒకే పని మీద వెళ్లినవాళ్లు ఒకరికొకరు కావలసినవాళ్లే అవుతారు. మన ఉద్యోగుల బంధానికి నేను పెట్టుకున్న మొదటి మైలురాయి అది.

అదే 1943లో ఢిల్లీలో మరో మార్పు వచ్చింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న డాక్టర్ అంబేడ్కర్ కృషితో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం కేటాయిస్తూ ఉత్తర్వు వెలువడింది. అందులో ఆదివాసీల పేరు లేదు. మనకు లెక్కలో చోటు రావడానికి రాజ్యాంగం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

తలుపు తెరుచుకుంది, లోపల ఒక్కరే

రాజ్యాంగంలోని 16(4) అధికరణ ఉద్యోగాల్లో తగిన ప్రాతినిధ్యం లేని వర్గాలకు రిజర్వేషన్ ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 335వ అధికరణ నియామకాల్లో ఎస్సీ, ఎస్టీల హక్కును గుర్తుంచుకోవాలని చెప్పింది. 1950 సెప్టెంబరు 13న కేంద్రం జారీ చేసిన తీర్మానంతో షెడ్యూల్డ్ తెగలకు 5 శాతం ఉద్యోగాలు కేటాయించారు. 1970 మార్చిలో అది 7.5 శాతం అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగాల్లో మన వాటా 6 శాతంగా స్థిరపడింది. తెలంగాణ 2022లో దాన్ని 10 శాతానికి పెంచింది.

శాతం చూస్తే బాగానే ఉంది. కానీ శాతం మనిషిగా మారే చోట ఏం జరిగిందో చూడాలి. 6 శాతం అంటే వంద మంది ఉన్న ఆఫీసులో ఆరుగురు. ఇరవై మంది ఉన్న ఆఫీసులో ఒక్కరు. మన తొలితరం ఉద్యోగుల్లో చాలామంది ఆ ఒక్కరే. ఊళ్లో నలుగురిలో ఒకరిగా పెరిగిన మనిషి అక్కడ పదిమంది చూసే వింత అయ్యాడు. మాట యాస మీద నవ్వు, ‘కోటాలో వచ్చావు కదా’ అనే దెప్పు, మధ్యాహ్నం డబ్బా విడిగా తినడం, పట్నంలో అద్దెకు ఇల్లు దొరకకపోవడం లాంటి బాధలు పాత తరంవారు ఎవరిని కదిపినా చెబుతారు. ఇవన్నీ ఫిర్యాదు రాయడానికి చాలా చిన్నవి, ప్రతిరోజూ మోయడానికి చాలా పెద్దవి. సెలవు పెట్టి ఊరెళ్లి మళ్లీ తిరిగి రాని ఉద్యోగులు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇక రెండో చిక్కు రోస్టరు. మన పిల్లలకు ఇది తప్పకుండా నేర్పాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. రిజర్వేషన్ శాతం ప్రకారం ఏ ఖాళీ ఏ వర్గానిదో వంద వరుస సంఖ్యల పట్టికలో ముందే రాసి ఉంటుంది. ఆ పట్టికే రోస్టరు. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీలకు కేటాయించిన పాయింట్లు 8, 25, 33, 58, 75, 83. వీటిలో 8, 58 మహిళలవి. ఇప్పుడు ఆలోచించండి. ఒక చిన్న ఆఫీసులో ఒక కేడర్‌లో ఇరవై ఏళ్లలో ఏడు ఖాళీలే వచ్చాయనుకుందాం. మన వంతు ఎనిమిదోది. అంటే ఇరవై ఏళ్లయినా మన మనిషి ఆ కుర్చీలో కూర్చోడు, పైగా నిబంధనను ఎవరూ ఉల్లంఘించినట్టు కాదు. ఎనిమిదో ఖాళీ వచ్చిన రోజున రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది, ఆ పాయింటు సరిగ్గా రాశారా, అర్హులు దొరకలేదని పక్కన పెడితే ఆ ఖాళీని తర్వాతి నియామకంలో చూపించారా అన్నవే అసలు ప్రశ్నలు. బ్యాక్‌లాగ్ ఖాళీలు అనే మాట పుట్టింది ఇక్కడే. ఈ ప్రశ్నలు ఒంటరి ఉద్యోగి అడిగితే ‘నీ పని నువ్వు చూసుకో’ అంటారు. నలుగురు కలిసి అడిగితే రిజిస్టరు తీయక తప్పదు.

గుర్తింపు లేని సంఘాలు

ఈ అవసరంలోంచే రైల్వేల్లో, తపాలా శాఖలో, బ్యాంకుల్లో, ఉక్కు, బొగ్గు, విద్యుత్ సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘాలు వచ్చాయి. వాటిలో చాలావాటి పేరులో ‘సంక్షేమ సంఘం’ అని ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాని వెనుక కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సంఘాల గుర్తింపు నిబంధనలు, 1993 ప్రకారం కులం, తెగ, మతం ఆధారంగా ఏర్పడిన సంఘానికి సర్వీసు సంఘంగా గుర్తింపు ఇవ్వరు. జీతభత్యాల మీద చర్చలకు కూర్చునే హక్కు గుర్తింపు పొందిన యూనియన్లదే. ఆ యూనియన్లలో మనవాళ్లు చందా కట్టారు, జెండా మోశారు. కానీ రోస్టరు సంగతి ఎత్తితే ‘అందరి సమస్య కాదు’ అని ఎజెండాలో చివరికి నెట్టేసిన సందర్భాలు ఎన్నో.

అందువల్ల మన సంఘాలు వేరే దారి వెతుక్కున్నాయి. రిజర్వేషన్ అమలు చూడటానికి ప్రతి మంత్రిత్వ శాఖలో ఒక లైజన్ ఆఫీసర్ ఉండాలని, ఆయన కింద ప్రత్యేక విభాగం ఉండాలని, రోస్టరు రిజిస్టర్లను ఆయన తనిఖీ చేయాలని కేంద్రం ఆదేశాలు ఉన్నాయి. సమ్మె చేసే బలం లేని సంఘం ఆ అధికారి తలుపు తట్టింది. అక్కడ కాకపోతే జాతీయ కమిషన్‌కు రాసింది. మొదట్లో 1950 నుంచి ఎస్సీ, ఎస్టీలిద్దరికీ కలిపి ఒక కమిషనర్ ఉండేవారు. తర్వాత ఉమ్మడి కమిషన్ వచ్చింది. 89వ రాజ్యాంగ సవరణతో 2004 ఫిబ్రవరిలో షెడ్యూల్డ్ తెగలకు విడిగా జాతీయ కమిషన్ ఏర్పడింది. విచారణ సమయంలో ఆ కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉంటాయి. అధికారిని పిలిపించగలదు, రికార్డు తెప్పించగలదు. ఒక ఉద్యోగి రాసిన కార్డు ముక్కకు ఇంత బలం ఉందని మనకు చెప్పింది బడి కాదు, సంఘంలోని పెద్దలు.

గుర్తింపు లేని సంఘానికి కోర్టుకు వెళ్లే అర్హత ఉందా అన్న ప్రశ్న కూడా ఒకసారి తేలింది. తేల్చిన కేసు మాత్రం విచిత్రమైనది. రైల్వేల్లో ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతుల్లో ఇచ్చిన సౌకర్యాలను సవాలు చేస్తూ ఒక సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాని పేరు అఖిల భారతీయ శోషిత కర్మచారీ సంఘం. శోషిత అంటే దోపిడీకి గురైన అని అర్థం. అందులో ఉన్నది రిజర్వేషన్ లేని ఉద్యోగులు! 1980 నవంబరులో వచ్చిన తీర్పులో కోర్టు రైల్వే ఉత్తర్వులను నిలబెట్టింది. ఆ సంఘానికి గుర్తింపు లేదు కాబట్టి పిటిషన్ చెల్లదన్న అభ్యంతరాన్ని కూడా జస్టిస్ కృష్ణయ్యర్ తోసిపుచ్చారు. మనకు వ్యతిరేకంగా వేసిన కేసు, గుర్తింపు లేని సంఘాలన్నింటికీ కోర్టు గుమ్మం తెరిచింది.

ఆ రోజుల్లోనే ఉద్యోగుల సంఘానికి కొత్త అర్థం చెప్పినవాడు కాన్షీరామ్. ఆయన పుణెలోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలో ఉద్యోగి. అంబేడ్కర్ జయంతి సెలవు రద్దు చేయడాన్ని ప్రశ్నించిన దీనాభానా అనే నాలుగో తరగతి ఉద్యోగికి జరిగిన అన్యాయం ఆయన దారిని మార్చింది. 1978 డిసెంబరు 6న ఆయన బామ్సెఫ్‌ను స్థాపించాడు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఉద్యోగులు జీతం పెంపు కోసం కాక, తమను పంపిన సమాజానికి బాకీ తీర్చడం కోసం కలవాలని ఆయన చెప్పాడు. ఆయన రాజకీయ మార్గంతో ఏకీభవించినా లేకపోయినా ఆ ‘బాకీ’ అనే ఆలోచన మన గిరిజన ఉద్యోగుల సంఘాల్లోనూ నిలిచింది. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు ఉచిత తరగతులు, ఉద్యోగ పరీక్షలకు పుస్తకాలు, ఆస్పత్రికి వచ్చిన ఊరివాళ్లకు రక్తదానం చేసేది ఎక్కువగా ఈ సంఘాలవాళ్లే.

పదోన్నతి మెట్ల మీద పదేళ్లు

1992 నవంబరు 16న ఇంద్రా సాహ్ని కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రిజర్వేషన్ మొదటి నియామకానికే గానీ పదోన్నతులకు వర్తించదని, అప్పటికే ఉన్నవి అయిదేళ్లు మాత్రం కొనసాగవచ్చని చెప్పింది. గుమాస్తాగా చేరినవాడు గుమాస్తాగానే రిటైరవుతాడా అన్న భయం దేశమంతా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల్లో పుట్టింది. గడువు ముగియకముందే, 1995 జూన్ 17న, 77వ రాజ్యాంగ సవరణతో 16(4ఏ) వచ్చి చేరింది. పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఇవ్వవచ్చని రాజ్యాంగమే చెప్పింది.

అంతటితో అయిపోలేదు. కోర్టు తీర్పుల ఆధారంగా 1997లో కేంద్ర సిబ్బంది శాఖ వరుసగా కొన్ని ఉత్తర్వులు ఇచ్చింది. జనవరి 30 నాటిది సీనియారిటీని దెబ్బతీసింది. జూలై 22 నాటిది పదోన్నతి పరీక్షల్లో ఉన్న మార్కుల సడలింపు తీసేసింది. ఆగస్టు 29 నాటిది బ్యాక్‌లాగ్ ఖాళీలను కూడా 50 శాతం పరిమితిలోకి తెచ్చింది. ఒక్కో ఉత్తర్వు రెండు మూడు పేజీలకు మించదు, అర్థం చేసుకోవడానికి మాత్రం సర్వీసు నిబంధనలు తెలిసినవాళ్లు కావాలి. అప్పుడు శాఖలవారీగా విడివిడిగా ఉన్న సంఘాలు కలిశాయి. ఆ ఏడాదే ఎస్సీ, ఎస్టీ సంఘాల అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. ఢిల్లీలో పెద్ద ప్రదర్శనలు జరిగాయి. ఫలితం రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. 2000లో 81వ సవరణ బ్యాక్‌లాగ్ ఖాళీలను 50 శాతం లెక్క నుంచి వేరు చేసింది. అదే ఏడాది 82వ సవరణ మార్కుల సడలింపును తిరిగి తెచ్చింది. 85వ సవరణ పదోన్నతితో పాటు సీనియారిటీ కూడా వస్తుందని, అది 1995 జూన్ నుంచే వర్తిస్తుందని చెప్పింది. ఉద్యోగుల సంఘాలు పోగుచేసిన దరఖాస్తులకు జవాబుగా రెండేళ్లలో మూడుసార్లు రాజ్యాంగాన్ని సవరించారంటే మాటలు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ఫిబ్రవరి 14న జీవో 5 ద్వారా, అయిదు కంటే ఎక్కువ పోస్టులున్న కేడర్లలో ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతుల రిజర్వేషన్ అమలులోకి వచ్చింది.

ఆ తర్వాత 2006లో నాగరాజ్ కేసు తీర్పు ఈ సవరణలను నిలబెడుతూనే, ప్రాతినిధ్యం తక్కువగా ఉందని ప్రభుత్వం లెక్కలతో చూపాలని షరతు పెట్టింది. 2018లో జర్నైల్ సింగ్ తీర్పు ఎస్సీ, ఎస్టీల వెనుకబాటును మళ్లీ రుజువు చేయనక్కరలేదని చెప్పింది, ప్రాతినిధ్యం లెక్క మాత్రం తప్పదంది. ఆ లెక్క ఏ కేడర్‌కు ఆ కేడర్‌గా తీయాలని 2022 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఇవాళ పదోన్నతి హక్కు మొత్తం లెక్క మీద నిలబడి ఉంది. ఏ కేడర్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియని సంఘం కోర్టులో నోరు విప్పలేదు.

ఏజెన్సీ బడి ఎవరిది?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 1986 నవంబరు 5న జీవో 275 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో ఉపాధ్యాయ పోస్టులు షెడ్యూల్డ్ తెగలవారికే ఇవ్వాలని అయిదో షెడ్యూలు కింద గవర్నరు అధికారంతో ఇచ్చిన ఉత్తర్వు అది. పట్నం నుంచి వచ్చిన పంతులు వారానికి రెండు రోజులు కనిపించే రోజుల్లో, బడి తెరిచి ఉంచాలంటే ఊరి మనిషే పంతులు కావాలన్న అనుభవం దాని వెనుక ఉంది. 1989లో పరిపాలనా ట్రైబ్యునల్ దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టులో వేసిన అప్పీలును 1998లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. మళ్లీ వినతులు, ధర్నాలు జరిగాక 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకు, అందులో మూడోవంతు మహిళలకు కేటాయించారు. 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటున్న కుటుంబాలవారే స్థానికులని అందులో నిర్వచించారు. 2001లో హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు దాన్ని సమర్థించారు.

ఆ మూడోవంతు మాట నాకు ముఖ్యం. ఆడపిల్ల చదివితే ఏమొస్తుంది అన్న ఇళ్లల్లో ‘టీచరు ఉద్యోగం వస్తుంది’ అని జవాబు దొరికింది. 2004లో రాష్ట్ర ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, లంబాడీ భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. ఎనిమిది భాషల్లో వాచకాలు కావాలంటే ఆ భాషలు ఇంట్లో మాట్లాడే ఉపాధ్యాయులు కావాలి. వాళ్లు అప్పటికే బడుల్లో ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. మార్లవాయిలో వేసిన విత్తనం అరవై ఏళ్లకు ఇలా కాపుకొచ్చింది.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదని, అయిదో షెడ్యూలు కింద గవర్నరుకున్న అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదని, అదే ప్రాంతంలోని ఇతరులకు దారి పూర్తిగా మూసేయడం వివక్ష అవుతుందని చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కాపాడింది. తీర్పును గౌరవిద్దాం. కానీ బడిలో కూర్చున్న పిల్ల వైపు నుంచి కూడా ఆ ప్రశ్న చూడాలని గట్టిగా అడుగుదాం. హాస్టల్లో రాత్రి పన్నెండు గంటలకు జ్వరంతో కలవరించే ఒకటో తరగతి పిల్ల కువిలోనే కలవరిస్తుంది. ఆమె ఏం అడుగుతోందో తెలిసిన మనిషి అక్కడ ఉండటం ఉద్యోగాల పంపకం మాత్రమే కాదు, ఆ పిల్ల హక్కు. 2025లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని మన యువత రోడ్డెక్కింది ఇందుకే. నూరు శాతం కుదరకపోతే స్థానిక భాష వచ్చినవారికి ప్రాధాన్యం ఎలా ఇవ్వాలో చట్టానికి నిలబడే పద్ధతిలో రాసి ఇవ్వాల్సిన బాధ్యత మన ఉపాధ్యాయ సంఘాల మీదే ఉంది.

దూరదేశంలో ఇదే కథ

ఈ అవసరం మనకొక్కరికే కాదు. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో 1964 జూలైలో జాతి వివక్ష మీద పెద్ద అల్లర్లు జరిగాయి. అక్కడి జెరాక్స్ కంపెనీ ఆ తర్వాత నల్లజాతి వారిని ఎక్కువగా ఉద్యోగాల్లో చేర్చుకుంది. చేరాక తెలిసింది, లాభం తక్కువ వచ్చే అమ్మకాల ప్రాంతాలే తమకు ఇస్తున్నారని. 1970 నాటికి వాళ్లు తమలో తాము బృందాలుగా కలిశారు. పని గంటలయ్యాక కొత్తవారికి పాతవారు మెలకువలు నేర్పారు, యాజమాన్యం ముందు లెక్కలు పెట్టారు. ఇవాళ పెద్ద కంపెనీల్లో మహిళలకు, దివ్యాంగులకు, మైనారిటీలకు ఉన్న ఉద్యోగుల సహాయ బృందాలకు అదే నాంది అంటారు. 2009లో అదే కంపెనీకి ఉర్సులా బర్న్స్ అనే నల్లజాతి మహిళ అధిపతి అయింది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఇప్పుడు మన గురుకులాల పిల్లలు చేరుతున్నారు. అక్కడ రోస్టరు లేదు, లైజన్ ఆఫీసర్ లేడు. ఆ పిల్లలకు ఫోను చేసి ‘ఎలా ఉన్నావమ్మా’ అని అడిగే పెద్దలు కావాలి.

మన సంఘం లోపలి లెక్క

పై అధికారిని ‘మా ప్రాతినిధ్యం ఎంత?’ అని అడిగే మనం అదే ప్రశ్న మన వేదిక మీద కూడా వేసుకోవాలి.

మొదటిది మహిళలు. ఏజెన్సీలో పనిచేసే ఉపాధ్యాయినులు, నర్సులు, వార్డెన్లు ఎంతోమంది. సంఘ కార్యవర్గంలో మాత్రం ‘మహిళా కార్యదర్శి’ అని ఒక్క పేరు. సమావేశం సాయంత్రం ఆరింటికి పట్నంలో పెడితే పిల్లల్ని వదిలి వార్డెన్ ఎలా వస్తుంది? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దక్క, రిటైర్మెంటుకు దగ్గరపడిన టీచరు, నోటీసు బోర్డు మీది తాత్కాలిక సీనియారిటీ జాబితా దగ్గరికి నన్ను తీసుకెళ్లి ‘నీ పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ చూసుకో. అభ్యంతరం చెప్పే గడువు దాటితే తప్పే నిజమైపోతుంది’ అని చెప్పింది. ఆమె ఏ పదవిలోనూ లేదు. నా దృష్టిలో ఆమే సంఘం. పని చోట వేధింపులు జరిగితే 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు కావాలి, సగం మందైనా మహిళలు ఉండాలి. అంతకంటే చిన్న ఆఫీసులవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. కొండ మీది ఒంటరి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సమ్మకు ఈ సంగతి ఎంతమంది చెప్పాం?

రెండోది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వారు. ఆశ్రమ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సీఆర్టీలు, వంటవాళ్లు, కామాటీలు, రాత్రి కాపలావాళ్లు. వీళ్లకు సీనియారిటీ జాబితా లేదు, పదోన్నతి లేదు. పిల్లల భాష మాత్రం వీళ్లకే బాగా వచ్చు. రెగ్యులర్ ఉద్యోగులం కాబట్టి వీళ్లు మన సంఘంలో సభ్యులు కారంటే, ఒకప్పుడు యూనియన్లు మనతో అన్న ‘అందరి సమస్య కాదు’ అనే మాటే మనం మళ్లీ అన్నట్టు.

మూడోది చిన్న తెగలు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలుగా గుర్తించినవి 12. చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు, గదబలు, పోరజలు, కొండ సవరలు వంటివారు అందులో ఉన్నారు. వాళ్లలో ఒక పిల్లవాడు డిగ్రీ దాటి ఉద్యోగంలో చేరితే ఆఫీసులోనే కాదు, మన సంఘంలో కూడా అతను ఒంటరే. తొలితరం పెద్దలు పడ్డ బాధ ఇవాళ అతను పడుతున్నాడు.

చేయవలసిన పనులు

ప్రతి ఐటీడీఏ పరిధిలో, ప్రతి శాఖలో, కేడర్ల వారీగా మనవాళ్ల సంఖ్య రాసి పెట్టే ఒక పుస్తకం సంఘం దగ్గర ఉండాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరికీ, రెగ్యులరైనా కాంట్రాక్టయినా, మొదటి ఏడాది ఒక పెద్దను తోడుగా అప్పగించాలి. రోస్టరు, సర్వీసు రిజిస్టరు, సీనియారిటీ జాబితా ఎలా చదవాలో ఏడాదికి ఒక్కరోజైనా తరగతి పెట్టాలి. బీఎడ్ చదివినవాళ్లం ఇంతమందిమి ఉన్నాం, పాఠం చెప్పడానికి బయటివాళ్లు అక్కరలేదు.

చివరగా ఒక విన్నపం. మీ మండలంలో మొదటి గిరిజన టీచరు ఎవరు? మొదటి నర్సు, మొదటి కండక్టరు, మొదటి పోస్టుమ్యాన్ ఎవరు? ఆయన్ను, ఆమెను ఆ ఆఫీసులో ఎవరు నిలబెట్టారు? ఆ పెద్దల్లో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. వారి అనుమతితో పేరు, చేరిన సంవత్సరం, వాళ్ల మాటల్లో మొదటి రోజు ఎలా గడిచిందో రాసుకోండి. వచ్చే సంచికకు పంపండి. పితూరీల చరిత్ర పక్కన ఈ చరిత్ర కూడా మన పిల్లలు చదవాలి.

జై ఆదివాసీ.